అచ్చం స్తామెంక గారి కంప్యూటర్‌లాగే

తిహోమిర్ రిటైరైన రోజున మా మునిసిపాలిటీ వాళ్లు ఆయనకొక గోడగడియారం, ఒక సన్మానపత్రం ఇచ్చారు. గడియారం నెల తిరక్కుండానే ఆగిపోయింది. సన్మానపత్రం మాత్రం ఇప్పటికీ ఆయన వంటింటి గోడకి వేలాడుతోంది. "సొంత పంతం పక్కనపెట్టి సహోద్యోగుల మాటకు విలువిచ్చిన వినయశీలి" అని అందులో బంగారు అక్షరాల్లో ఉంది. అది కంటపడినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఆయనకేమో నవ్వొస్తుంది.

నా పేరు దోబ్రిలా. మొరావా నది ఒడ్డున ఉన్న మా ఊరి మునిసిపాలిటీలో జనన మరణాల గదిలో పనిచేస్తాను. పుట్టుకలూ పెళ్లిళ్లూ స్తామెంక గారి బల్ల మీద, చావులు నా బల్ల మీద. ఆవిడ దగ్గరికి జనం చాక్లెట్ పెట్టెలతో వస్తారు, నా దగ్గరికి ముక్కు చీదుకుంటూ వస్తారు. పోయాక ప్రతివాడూ మంచివాడైపోవడం రోజూ చూస్తున్నదాన్ని కాబట్టి నేను ఎవరినీ తొందరపడి పొగడను. తిహోమిర్ గురించి మాత్రం ఆయన నా బల్ల దాకా రాకముందే చెప్పాలనిపించింది.

ఆయన తాళాలు బాగుచేసేవాడి కొడుకు. చదువుకుని ఊరి చివర బోల్టుల ఫ్యాక్టరీలో చేరాడు. ఆ రోజుల్లో ఆ ఫ్యాక్టరీ అంటే మా ఊరికి అన్నం పెట్టే చెయ్యి. విదేశం నుంచి వచ్చిన పెద్ద యంత్రాలుండేవి, వాటిని నడిపే కంప్యూటర్లు తిహోమిర్ చూసుకునేవాడు. దేశం మీద ఆంక్షలు పడ్డాక ఆ యంత్రాలకి ప్రతి ఏడూ రావలసిన అనుమతి అంకెలు రావడం మానేశాయి. యంత్రాలు ఒకదాని తర్వాత ఒకటి మొరాయించాయి. తుప్పు లేదు, విరిగింది లేదు. అంకెలు వేస్తే కదులుతాయి, లేకపోతే లేదు. ఫ్యాక్టరీ మూతపడింది. ఊళ్లో సగం ఇళ్లలో పొయ్యిలు చల్లబడ్డాయి.

"ఇనుము మనది, కరెంటు మనది, చేతులు మనవి. తాళంచెవి ఒక్కటే వాళ్లది," అనేవాడు తిహోమిర్. ఆయన తాగి చెప్పినా తాగకుండా చెప్పినా ఆ మాట మారేది కాదు. నా మొగుడు కూడా ఆ ఫ్యాక్టరీలోనే పనిచేసేవాడు, అందుకని ఆ మాట నాకు బాగానే ఎక్కేది.

తర్వాత ఆయన మునిసిపాలిటీలో కంప్యూటర్లు చూసే ఉద్యోగంలో చేరాడు. ఏదో పత్రికతో పాటు వచ్చిన డిస్కులో ఆయనకి కంప్యూటర్‌ని నడిపే లినక్స్ అనే సిస్టమ్ దొరికింది. అది ఎవరిదీ కాదట, ఎవరైనా తెరిచి చూడొచ్చట, బాగుచేసుకుని పక్కవాడికి పంచొచ్చట. ఏ దేశం మీద ఎవడు అలిగినా అది ఆగిపోదట. తాళాలవాడి కొడుక్కి తాళం లేని ఇల్లు దొరికింది. ఇక ఆయన్ని పట్టలేకపోయాం.

కనిపించిన ప్రతివాడికీ చెప్పేవాడు. కాఫీ తాగనిచ్చేవాడు కాదు. అప్పట్లో మా ఆఫీసు కంప్యూటర్లలో ఉన్నదంతా బజార్లో గొడుగు కింద డిస్కులమ్మేవాడి దగ్గర తెచ్చిన దొంగసరుకే. దొంగసరుకైనా అలవాటైన సరుకు. "ఉచితంగా దొరికే జున్ను ఎలకల బోనులోనే ఉంటుంది తిహోమిర్," అనేవారు జనం. ఆయన తలూపి మర్నాడు మళ్లీ మొదలుపెట్టేవాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.

అలా ఏళ్లు గడిచాక రాజధాని నుంచి గట్టి ఉత్తర్వు వచ్చింది. దొంగసరుకు తీసెయ్యండి, కొన్నవి పెట్టుకోండి, లేదా ఉచితమైనవి పెట్టుకోండి అని. కొన్ని కంప్యూటర్లకి కొన్న సిస్టమ్‌లు వచ్చాయి, వాటి మీద పేద్ద అంకెలున్న స్టిక్కర్లు అంటించారు. మిగిలిన నాలుగైదు బల్లల మీద, పరీక్షకని, తిహోమిర్ తన లినక్స్ పెట్టుకోవడానికి మునిసిపాలిటీ ప్రెసిడెంటు ఒప్పుకున్నాడు.

అంతే, ఆఫీసంతా సణుగుడు. పన్నుల గదిలో అక్షరాలు సన్నబడ్డాయన్నారు. పెన్షన్ల గదిలో కాగితం ఆలస్యంగా వస్తోందన్నారు, ప్రింటర్‌లో కాగితం లేదని మర్చిపోయి. ప్రెసిడెంటు సెక్రటరీకి పేకాట కనపడలేదు. అసలు గండం అక్కడే వచ్చింది. తిహోమిర్ ఆ సాయంత్రమే ఆవిడకి మూడు రకాల పేకాటలు పెట్టిచ్చి ఆ గండం గడిపాడు.

స్తామెంక గారు మాత్రం కొరకరాని కొయ్య. ఆవిడ గురించి ముందు చెప్పాలి. పెళ్లి జరిపించే అధికారిగా మూడు రంగుల పట్టీ భుజం మీదుగా వేసుకుని నిలబడితే పెళ్లికూతురికన్నా ఆవిడే ముందు కనపడేది. ఊళ్లో అందరికీ పెళ్లి చేసింది ఆవిడే. ప్రెసిడెంటుకి రెండుసార్లు చేసింది. మొదటి పెళ్లిలో ఆయన పెళ్లికూతురి పేరు చెప్పబోయి ఇంకో పేరు సగం పలికిన సంగతి ఆవిడ ఎవరితోనూ అనలేదు, ఆయనా మర్చిపోలేదు. ఇక ఆవిడ పుట్టిన తేదీ ఉన్న పుస్తకం ఆవిడ అల్మారాలోనే ఉంది, తాళంచెవి ఆవిడ నడుం దగ్గరే. ఆవిడ ఎప్పుడు రిటైరవ్వాలో అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

ఆవిడకి రెండు అలవాట్లు. ఒకటి క్రోషియా లేసు అల్లడం. తనకి నచ్చినవాళ్లకి తెల్లటి లేసు గుడ్డ అల్లి, వాళ్ల కంప్యూటర్ మీద తానే స్వయంగా పరిచేది. ఎవరి కంప్యూటర్ మీద లేసుందో వాళ్లు ఆవిడ మనుషులు. నాకు రెండున్నాయి. కంప్యూటర్లన్నీ చూసుకునే తిహోమిర్‌కి ఒక్కటీ లేదు. రెండోది ప్రొమాయా అంటే భయం. ఒక కంతలోంచి వచ్చి ఇంకో కంతలోంచి పోయే గాలిని మేం అలా అంటాం. అది తగిలితే మెడ పడుతుంది, నడుం పడుతుంది, మొహం వంకరపోతుంది, కిడ్నీలు చెడతాయి. బస్సులో కిటికీ తెరిచినవాణ్ని మేం హంతకుణ్ని చూసినట్టు చూస్తాం. ఇందులో నేనేం ఆవిడకి తీసిపోను.

"ఒక్క వారం వాడి చూడండి స్తామెంక గారూ. నచ్చకపోతే నేనే తీసేస్తా," అని బతిమాలాడు తిహోమిర్.

"నాయనా, ఈ బల్ల మీద నేను చేసిన పెళ్లిళ్లలో సగం 'చూద్దాంలే' అనుకుని చేసుకున్నవే. ఆ పక్షిని నా గదిలోకి రానివ్వను."

"పక్షి కాదండీ, పెంగ్విన్. లినక్స్ గుర్తు, ఉత్త బొమ్మ."

"ఎగరలేని పక్షిని గుర్తుగా పెట్టుకున్నవాళ్ల దగ్గర నేనేం నేర్చుకోను? నాది పాతది. నాకిది చాలు. దోబ్రిలా, ఆ తలుపు వెయ్యి, గాలొస్తోంది."

ఆయన వెళ్లిపోయాక ఆవిడ నాతో, "ఆయనొచ్చినప్పుడల్లా తలుపు తెరిచే పోతాడు, చూశావా? తలుపులు తెరిచిపెట్టడమే ఆయన మతం," అంది. తెలియకుండానే ఆయన గురించి అంత సరిగ్గా చెప్పినవాళ్లు ఇంకొకరు లేరు.

ఆ చలికాలంలో డాక్టరు ఆవిడ నడుం నొప్పికి బాన్యాకి రాసిచ్చాడు. వేడినీటి ఊటల్లో కూర్చోవడానికి ఆవిడ సూట్‌కేసు సర్దుకుని వెళ్లింది. ఆవిడ బల్ల నాకప్పజెప్పింది. మర్నాడు నేను ఆవిడ కంప్యూటర్ పెట్టి కాఫీ కలుపుకునేలోపు కాలిన వాసనొచ్చింది. స్క్రీన్ నల్లబడింది. నేను ముట్టుకున్న రోజే పోవాలా!

తిహోమిర్ పరుగున వచ్చి పైనున్న లేసు తీసి, వెనక మూత విప్పాడు. ఫ్యాన్ దగ్గర్నుంచి ఒక బూడిదరంగు ఉన్ని సాక్సు బయటికి లాగాడు.

"ఇదేంటి దోబ్రిలా?"

నేను చూడగానే గుర్తుపట్టాను. స్తామెంక గారి భర్తది. ఆయన పోయినప్పుడు నా బల్ల మీదే రాశాం. కంప్యూటర్ గాలి కాళ్లకి తగులుతోందని ఆవిడ ఆ కంతలో మొగుడి సాక్సు కుక్కింది. పైన లేసు, వెనక సాక్సు. పాపం ఆ యంత్రం ఏళ్ల తరబడి ముక్కూ నోరూ మూసుకుని పనిచేసింది. ఇన్నాళ్లూ అది నత్తలా నడుస్తోందని మేం సిస్టమ్‌ని తిట్టుకున్నాం.

"మన యంత్రాలు ఇక్కడ ప్రొమాయాతో పోవు. ప్రొమాయా లేక పోతాయి," అన్నాడు తిహోమిర్. నవ్వలేదు. ఆ సాక్సుని దులిపి, మడతపెట్టి, ఆవిడ సొరుగులో జాగ్రత్తగా పెట్టాడు.

లోపల కొత్త భాగాలు వేశాడు. పుట్టుకలూ పెళ్లిళ్లూ అన్నీ రాజధానిలోని పెద్ద యంత్రంలో భద్రంగా ఉన్నాయి కాబట్టి ఆవిడ పని ఏమీ పోలేదు. కానీ పాత సిస్టమ్ మళ్లీ ఎక్కించాలంటే స్టిక్కర్ మీది అంకెలు కావాలి. స్టిక్కర్ తెల్లగా మెరుస్తోంది. అంకె అన్నది లేదు. స్తామెంక గారు ప్రతి శుక్రవారం కంప్యూటర్‌ని రకీయాతో తుడిచేది. జ్వరానికైనా మోకాలికైనా అద్దానికైనా మాకు రకీయానే మందు. అంకెలన్నీ ఆ ప్లమ్ సారాలో కరిగిపోయాయి.

"ఇప్పుడెలా? ఆవిడ వచ్చీ రాగానే పెళ్లిళ్లున్నాయి," అన్నాను.

ఆయన నావంక చూశాడు. ఆ చూపు నాకు తెలుసు.

"వద్దు తిహోమిర్. చంపేస్తుంది."

"ఇంకో దారి చెప్పు."

దారి లేదు. ఆయన లినక్స్ ఎక్కించాడు. ఎక్కించాక మొదలైంది అసలు పని. ఆవిడ మనవరాలి బాప్తిస్మం ఫొటోని మునుపటిలాగే స్క్రీన్ నిండా పరిచాడు. దాని మీది గుర్తులన్నీ ఉన్న చోటే పెట్టాడు, ఎప్పుడో ఆవిడ చెయ్యి తగిలి పక్కకి జరిగిన ఒక గుర్తుతో సహా. మొదలయ్యేటప్పుడు వచ్చే చప్పుడు కూడా అదే పెట్టాడు. పెంగ్విన్‌ని ఎక్కడా కనపడకుండా దాచాడు. ఇన్నేళ్లూ దాని బొమ్మ చొక్కా మీద వేసుకు తిరిగిన మనిషి, తన చేత్తో దాన్ని దాచాడు.

"ఇది మోసం కాదూ?" అన్నాను.

"మోసమే. ఆవిడ రాగానే చెప్పేస్తా. కానీ వచ్చిన రోజు పని ఆగకూడదుగా."

ఆవిడ వచ్చింది, బుగ్గలు ఎర్రగా, నడుం నిటారుగా. కుర్చీలో కూర్చుని కంప్యూటర్ పెట్టింది. తిహోమిర్ గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"స్తామెంక గారూ, మీకొక మాట చెప్పాలి..."

"ఆగు నాయనా." ఆవిడ వేలు పైకెత్తి స్క్రీన్ వంక చూస్తూ ఉంది. "చూడవే దోబ్రిలా! ఎంత చురుగ్గా ఉందో! నేను బాన్యాకెళ్తే దీనికీ విశ్రాంతి దొరికింది. యంత్రమైనా ప్రాణం ఉన్నదే కదా. చూశావా తిహోమిర్, దీన్ని మార్చాలన్నావు! పాతదాన్ని ఊరికే కాసేపు పడుకోనిస్తే చాలు."

తిహోమిర్ గుమ్మంలోంచి రెండడుగులు లోపలికి వేశాడు.

"ఇంతకీ నా సాక్సేదీ? కాళ్లకి చల్లగా తగుల్తోంది."

ఆయన గబగబా వంగి కంప్యూటర్‌ని అటు తిప్పాడు. గాలి ఆవిడ వైపు పోవడం మానేసి సూటిగా నా నడుం మీదకి రావడం మొదలైంది. ఆ రోజు సాయంత్రమే నేను ఉన్ని పట్టీ కొనుక్కుని నడుముకి కట్టుకున్నాను. నా నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతా అంటారు. ఆ ఒక్క నువ్వుగింజ మాత్రం ఏళ్ల తరబడి నానింది.

చెబుదాం చెబుదాం అని ఆయన రోజూ వచ్చేవాడు. ఆవిడ రోజూ తన పాత కంప్యూటర్‌ని పొగిడి పంపేది. అలా ఉండగా వేసవిలో మునిసిపల్ కౌన్సిల్ ముందుకి కంప్యూటర్ల సంగతి వచ్చింది. పరీక్ష అయిపోయింది, అందరికీ లినక్స్ పెట్టడమా లేక పెట్టినవన్నీ తీసెయ్యడమా తేల్చాలి. తేలేది ఏమిటో మాకందరికీ తెలుసు. ప్రెసిడెంటుకి గ్వోజ్దెన్ అని ఒక కూమ్ ఉన్నాడు. పెళ్లికి సాక్షిగా నిలబడ్డవాడు, పిల్లలకి పేరు పెట్టినవాడు. మా దగ్గర తోడబుట్టినవాణ్ని కాదనొచ్చు గానీ కూమ్‌ని కాదనకూడదు. ఆ గ్వోజ్దెన్‌కి కంప్యూటర్ల దుకాణం ఉంది. ఆఫీసంతటికీ కొత్త కంప్యూటర్లు, వాటిలో కొన్న సిస్టమ్‌లు, ఏడాదికోసారి కొత్త అంకెలు, అన్నీ తానే సర్దుతానన్నాడు.

"మళ్లీ తాళంచెవి ఎవడి జేబులోకో పోతుంది. ఈసారి నా కళ్లముందే," అన్నాడు తిహోమిర్. ఆ వారమంతా ఆయన సరిగా తినలేదు. నాకు జాలేసింది, కోపం కూడా వచ్చింది.

కౌన్సిల్ హాలు నిండిపోయింది. తిహోమిర్ తాను రాసుకొచ్చింది చదివాడు. ఆయనకి మాట్లాడటం రాదు. ఫ్యాక్టరీ సంగతి దగ్గరికొచ్చేసరికి కాగితం మడిచేసి కూర్చుండిపోయాడు. అప్పుడు ప్రెసిడెంటు ముందే అనుకున్నట్టుగా, "మన స్తామెంక గారు ఏమంటారో విందాం. అనుభవం ఉన్న మనిషి," అన్నాడు.

ఆవిడ అప్పుడే ఒక పెళ్లి చేసి వచ్చింది, భుజం మీద పట్టీ తియ్యలేదు. లేచింది.

"నాకు పెద్ద మాటలు రావు. నా కంప్యూటర్ గురించి చెబుతా. ఈ మధ్య కొన్ని నెలలుగా అది ఒక్కసారి ఆగితే ఒట్టు. పెళ్లివాళ్లు నిలబడుండగా నా పరువు తియ్యలేదు. ఇంత కాలం దాని మాట నేను విన్నాను, ఇప్పుడు అది నా మాట వింటోంది. పొద్దున్నే దాన్ని పెట్టి కాఫీకి వెళ్లక్కర్లేదు, కూర్చునేసరికి సిద్ధంగా ఉంటుంది. నా జన్మలో ఇంత బుద్ధిమంతుడైన యంత్రాన్ని చూళ్లేదు. ఎందుకంటే, నేను ఆ పక్షిని రానివ్వలేదు!"

హాలంతా చప్పట్లు. నేను తిహోమిర్ వంక చూశాను. ఆయన కళ్లు చెమర్చాయి. ఓడిపోయి ఏడుస్తున్నాడనుకున్నారు అందరూ.

"అయితే తేలిపోయింది," అన్నాడు ప్రెసిడెంటు. "పెట్టినవి తీసేసి, గ్వోజ్దెన్ గారి దగ్గర కొత్తవి..."

"కొత్తవా?" స్తామెంక గారు ఇంకా కూర్చోలేదు. "కొత్తవెందుకు? నాదేమైనా కొత్తదా? పాతదే. ఇంత బాగా నడుస్తోంది కదా! నన్ను సాక్షిగా లేపావు, నా మాట పూర్తిగా విను ప్రెసిడెంటూ. కొనేదీ లేదు, పెట్టేదీ లేదు. అందరి కంప్యూటర్లూ నాదాన్లాగే పెట్టమని తిహోమిర్‌కి చెప్పండి. ఆయనకి పిచ్చి ఉంది గానీ చెయ్యి మంచిదే."

ప్రెసిడెంటు అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు. ఒకవైపు కూమ్, ఇంకోవైపు తన మొదటి పెళ్లి సంగతి తెలిసిన మనిషి. పైగా చప్పట్లు కొట్టిన చేతులు ఇంకా దిగలేదు. చేతులెత్తించి తీర్మానం రాయించాడు: మునిసిపాలిటీలోని కంప్యూటర్లన్నీ అచ్చం స్తామెంక గారి కంప్యూటర్‌లాగే ఉండవలెను.

బయట నడవాలో నేను తిహోమిర్ చొక్కా పట్టుకున్నాను.

"వెళ్లి చెప్పు! ఇప్పుడే చెప్పు! ఆవిడ పొగిడింది నీ లినక్స్‌నే అని అందరి ముందూ చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెబుతా."

"చెబితే ఆవిడ ఏమవుతుంది? ఇప్పుడే అందరి ముందూ నిలబడి ఒట్టేసింది."

"అవ్వనీ! నీ మీద ఎన్నేళ్లు నవ్వారు వీళ్లంతా!"

ఆయన సిగరెట్ వెలిగించుకున్నాడు.

"దోబ్రిలా, ఇన్నేళ్లూ నాకు కావాల్సింది ఒక్కటే. ఎవరో ఒకరు దాన్ని వాడి, బాగుంది అనాలని. ఆవిడ అంది. నేను రాసుకొచ్చిన దానికన్నా బాగా చెప్పింది. పిల్ల బాగుందన్నారు, పేరు తప్పు చెప్పారు, అంతే. పేరు కోసం పిల్లని ఏడిపిస్తామా?"

నేను ఆయన చొక్కా వదిలేశాను. పట్టుకున్నది వదలడం నాకెంత అరుదో మావాళ్లనడగండి.

తర్వాత తిహోమిర్ తీర్మానానికి అక్షరం కూడా తప్పలేదు. ఒక్కో గదికీ వెళ్లి ఒక్కో కంప్యూటర్‌నీ అచ్చం స్తామెంక గారి కంప్యూటర్‌లాగే చేశాడు. వద్దు మొర్రో అని మొత్తుకున్నవాళ్లే ఆయన్ని కాఫీకి పిలిచారు. పన్నుల గదిలో అక్షరాలు మళ్లీ లావెక్కాయన్నారు, అవే అక్షరాలు. "ఇప్పటికైనా బుద్ధొచ్చింది నీకు. పాతదాని దారి పాతదానిదే," అని భుజం తట్టారు. ఆయన తలూపేవాడు. పేరు లేని సంతోషం ఎలా ఉంటుందో ఆ రోజుల్లో ఆయన మొహంలో చూశాను. అప్పుడప్పుడూ చూడలేక తల తిప్పుకున్నాను కూడా.

అలా ఏళ్లు గడిచాయి. ఆయన రిటైరయ్యాడు. గడియారం, సన్మానపత్రం ఇచ్చారు. ఆయన కుర్చీలో ఇంకొకరిని వేసుకోకుండా, కంప్యూటర్లు చూసే పని ఈసారి గ్వోజ్దెన్ దుకాణానికే ఇచ్చారు. కూమ్ కూమే కదా.

మొదటి రోజే గ్వోజ్దెన్ మా గదిలోకి వచ్చి స్తామెంక గారి కంప్యూటర్ ముందు కూర్చుని ఏవేవో నొక్కాడు. ఆయన మొహం పాలిపోయింది. ఇంకో రెండు గదులు తిరిగి ప్రెసిడెంటుని వెంటబెట్టుకుని వచ్చాడు.

"కూమ్, నీ ఆఫీసులో పాత సిస్టమ్ ఒక్కదాన్లోనూ లేదు. అన్నీ లినక్స్‌లే!"

"పొద్దున్నే వేసుకొచ్చావా ఏంటి?" అన్నాడు ప్రెసిడెంటు.

"కావాలంటే చూడు." ఆయన ఇంకేదో నొక్కాడు. మనవరాలి బాప్తిస్మం ఫొటో పక్కన, నల్లగా, పొట్ట బయటపెట్టుకుని, పెంగ్విన్ వచ్చి కూర్చుంది.

స్తామెంక గారు ఆ పక్షి వంక చూసింది. తర్వాత కంప్యూటర్ ఏ వైపు తిరిగి ఉందో చూసింది. తర్వాత నా నడుం వంక చూసింది.

"దోబ్రిలా, ఆ ఉన్ని పట్టీ ఎప్పట్నుంచి కడుతున్నావే?"

"చలికాలం నుంచి," అన్నాను.

"ఏ చలికాలం?"

నేను పట్టీ సర్దుకున్నాను. ఆవిడే చెప్పుకుంది, మెల్లగా. "నేను బాన్యా నుంచి వచ్చినప్పట్నుంచి." సొరుగు లాగింది. మడతపెట్టిన సాక్సు అక్కడే ఉంది. దాన్నొకసారి తడిమి సొరుగు మూసేసింది.

"ఒక్క నెల ఇవ్వు కూమ్," అంటున్నాడు గ్వోజ్దెన్. "అన్నీ పీకేసి అసలైనవి పెట్టిస్తా."

"ఏవి పీకేస్తావు నాయనా?" స్తామెంక గారు లేచి నిలబడింది. "కౌన్సిల్ తీర్మానం ఏముంది? అన్నీ నా కంప్యూటర్‌లాగే ఉండాలని. నా కంప్యూటర్ ఇదే. దీని మీద ఈ ఊళ్లో ఎన్ని పెళ్లిళ్లు చేశానో నీకు తెలుసా? ఇది అసలైంది కాకపోతే అవీ అసలైనవి కావా? ఏం ప్రెసిడెంటూ, నీ రెండో పెళ్లి కాగితం కూడా ఇందులోంచే వచ్చింది. చెల్లదా? వెళ్లి మీ ఆవిడకి నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

ప్రెసిడెంటు గొంతు సవరించుకున్నాడు. "తీర్మానం అయితే ఉంది," అన్నాడు.

"మార్చాలనుంటే మళ్లీ కౌన్సిల్ పెట్టు. నేనొచ్చి మాట్లాడతా. మొదటి పెళ్లి దగ్గర్నుంచీ మాట్లాడతా."

ఇద్దరూ వెళ్లిపోయారు. ఆవిడ కూర్చుని ఆ పెంగ్విన్‌ని మూయబోయి, ఎలా మూయాలో తెలియక, అలాగే వదిలేసింది. సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. నాకది బాధనిపించింది, తప్పు నాదే అయినా.

నవంబర్‌లో మిత్రోవ్‌దాన్ వచ్చింది. తిహోమిర్ వాళ్ల ఇలవేల్పు పండగ. ఆ పండగకి మేం ఎవరినీ పిలవం. వచ్చేవాళ్లు వస్తారు, రానివాళ్లు రారు, ఎవరు రాలేదో అందరూ గుర్తుపెట్టుకుంటారు. స్తామెంక గారు ఆ గడప ఎప్పుడూ తొక్కలేదు. మేం క్యాబేజీ ఆకుల్లో చుట్టిన సార్మాలు ముగించి మాంసం దగ్గరికి వచ్చేసరికి తలుపు చప్పుడైంది.

ఆవిడే. చంకలో కాగితం పొట్లం. మా ఆనవాయితీ ప్రకారం తిహోమిర్‌ని బుగ్గల మీద మూడుసార్లు ముద్దు పెట్టుకుని, "ఇలవేల్పు చల్లగా చూడాలి," అంది. గోధుమ ప్రసాదం ఒక చెంచా తీసుకుని మూతి తుడుచుకుంది. వంటింటి గోడ మీది సన్మానపత్రం చదివింది. కుర్చీ లాక్కుని కూర్చుని పొట్లం ఆయన ముందుకి తోసింది.

తిహోమిర్ విప్పాడు. తెల్లటి లేసు గుడ్డ, పెద్దది, కంప్యూటర్‌కి సరిపోయేంత. అంచులకి ద్రాక్షగుత్తుల అల్లిక. ఒక మూల మాత్రం గుండ్రంగా ఖాళీ. చిరిగింది కాదు, కొలిచి, చుట్టూ గట్టిగా కుట్టు వేసి వదిలిన కంత. నాకు అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. ఆయనకి పట్టలేదు. గుడ్డ పరిస్తే వెనకున్న ఫ్యాన్ సరిగ్గా అక్కడికే వస్తుంది.

బతుకంతా ప్రతి కంతలోనూ ఏదో ఒకటి కుక్కిన మనిషి, తన చేత్తో కంత పెట్టి అల్లింది.

"దానికి గాలాడాలిగా," అంది స్తామెంక గారు, ఎటో చూస్తూ. "నువ్వు మాత్రం ఆ పక్కన కూర్చోకు. నడుం పడుతుంది. కావాలంటే దోబ్రిలాని అడుగు."

తిహోమిర్ ఆ గుడ్డని మడతపెట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాత అడిగాడు.

"ఎలా ఉందండీ మీ కంప్యూటర్?"

ఆవిడ గ్లాసులో రకీయా కొంచెం చప్పరించింది.

"పాతదే కదా," అంది. "పాతదానికేం, బాగానే ఉంది."